సీసపు రేకు మీద యాస

పాలరాతి దిమ్మె అంచున రక్తపు మరక ఉంది. శవం దొరికింది మాత్రం అక్కడ కాదు, గది రెండో కొసన, బల్ల ముందున్న కుర్చీలో.

కనకదుర్గ ఆ రెంటి మధ్యా మళ్లీ నడిచింది. నేల మీద ఈడ్చిన గీతలు లేవు. దారి మధ్యలో ఒకే ఒక్క రక్తపు చుక్క గుండ్రంగా పడి ఎండిపోయింది.

"ఈడిస్తే ఈ చుక్క సాగిపోయేది," అంది ఇంగ్లీషులో. "ప్రొఫెసర్ శేషగిరి తన కాళ్ల మీద తనే కుర్చీ దాకా వెళ్లారు. బహుశా ఎవరో చెయ్యి పట్టుకుని ఉంటారు."

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ లెఫ్టినెంట్ కనెలోస్ వాచీ చూసుకున్నాడు. కౌంటీ పోలీసుల తరఫున ఈ కేసు అతనిదే. ఈ మ్యూజియం రీడింగ్ రూమ్‌కి వేసిన సీలు నిన్ననే తీయించాడు. తీయించిన మర్నాడే ఒక ప్రైవేట్ డిటెక్టివ్ వచ్చి నేల మీద పాకుతుంటే అతనికి నచ్చడం లేదు.

"చెయ్యి పట్టుకున్నవాడెవరో నాకు తెలుసు. ఉదయం నుంచీ మా స్టేషన్లో కూర్చుని ఉన్నాడు."

"గోరానా?"

"అవును. ఉత్తర మాసిడోనియాలోని స్కోప్యే నుంచి వచ్చిన పీహెచ్‌డీ స్టూడెంట్. అలెగ్జాండర్ గ్రీకువాడా, మాసిడోనియావాడా అన్న గొడవ మీద సెమినార్లో ప్రొఫెసర్ మీద అరిచాడు. శవం చూసి 911కి ఫోన్ చేసిందీ అతనే. వేలిముద్రలు బల్ల మీదా ఉన్నాయి, దిమ్మె మీదా ఉన్నాయి. ఇంకేం కావాలి మీకు?"

"కొట్టినవాడు నీళ్లు తెచ్చిస్తాడా?"

"ఏ నీళ్లు?"

"మీ ఫొటోల్లో బల్ల మీద పేపర్ కప్పు ఉంది. చెత్తబుట్టలో తడిపిన నాప్కిన్లు ఉన్నాయి. వాటి మీద రక్తం ఉంది. ఎవరో ఆయన్ని కూర్చోబెట్టారు, దెబ్బ తుడిచారు, నీళ్లు తాగించారు. నీళ్లు దొరికేది స్టాఫ్ గదిలో. స్టాఫ్ బ్యాడ్జ్ లేకుండా ఆ తలుపు తెరుచుకోదు."

"ఆ తలుపు కింద చెక్కముక్క పెట్టి ఎప్పుడూ తెరిచే ఉంచుతారు. వెళ్లి చూసుకోండి."

కనకదుర్గ వెళ్లి చూసింది. చెక్కముక్క ఉంది. ఎంతో కాలంగా అక్కడే ఉన్నట్టు నేల మీద దాని జాడ కూడా పడింది. తిరిగొచ్చేసరికి కనెలోస్ ముఖంలో గెలుపేమీ లేదు, అలసట ఉంది.

"గోరాన్‌ని మీరు అనుమానిస్తున్నది వేలిముద్రల వల్లేనా? లేక మీది గ్రీకు పేరు, అతనిది మాసిడోనియా పేరు కావడం వల్లా?"

అనగానే ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఆమెకు అనిపించింది. కనెలోస్ గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు.

"మా తాతది ఉత్తర గ్రీసు, మిస్ దుర్గా. మా నాయనమ్మ వీధిలో ఒక భాష, వంటింట్లో ఒక భాష మాట్లాడేది. వంటింటి భాష గోరాన్‌కి అర్థమయ్యే భాష. అది బయట వినబడితే దెబ్బలు తినే రోజులు చూసింది. అందుకే మా నాన్నకి నేర్పలేదు. నాకు ఒక్క ముక్క రాదు. ఆమె పోయేముందు వారం రోజులు ఆ భాషలోనే మాట్లాడింది. మేమంతా మంచం చుట్టూ నిలబడ్డాం. ఏమంటోందో ఒక్కరికీ తెలియలేదు. కాబట్టి ఎవడిది ఏ జాతి అన్న పాఠం నాకు చెప్పొద్దు."

"తప్పుగా మాట్లాడాను. క్షమించండి."

"క్షమాపణ అక్కర్లేదు. అడ్డం రాకండి, చాలు." వెళ్తూ వెళ్తూ ఆగాడు. "కూతురికి ప్రొఫెసర్ పెట్టిన వాయిస్ మెసేజ్‌ని మేం ఇంగ్లీషులోకి చేయించాం. ఆ రోజు తను చదివిన పాత సీసపు రేకు మీద ఉన్నది 'మూవీ యాక్సెంట్' అన్నాడట. ట్రాన్స్‌లేటర్‌ని రెండుసార్లు అడిగాను. దానికి అర్థమేమిటో అతనికీ తెలియలేదు. మీకేమైనా తెలిస్తే చెప్పండి. ఇంతవరకూ ఈ సంగతి బయట ఎవరికీ చెప్పలేదు."

* * *

ప్రొఫెసర్ కూతురు హాసిని కింద లాబీలో కూర్చుని ఉంది. కాలిఫోర్నియాలో, శాంటా క్లారాలో ఉద్యోగం. తండ్రి పోయారని తెలిసి రాత్రికి రాత్రి ఫ్లైట్ ఎక్కి వచ్చింది. పోలీసులు చెప్పేది నమ్మలేక, ఇక్కడ న్యూజెర్సీలో, ఎడిసన్‌లో చిన్న ఆఫీసు నడుపుతున్న కనకదుర్గ దగ్గరికి వచ్చింది. కనకదుర్గ అంతకు ముందు ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసింది. దొంగ క్లెయిములు పట్టుకోవడంలో ఆమెకు పేరుంది.

"ఆంటీ, ఏమైనా దొరికిందా?"

"మీ నాన్నగారిని దెబ్బ తగిలాక ఎవరో జాగ్రత్తగా చూసుకున్నారమ్మా. అంతవరకే తెలిసింది."

"జాగ్రత్తగా చూసుకుంటే డాక్టర్‌ని ఎందుకు పిలవలేదు?"

తల లోపల రక్తం నెమ్మదిగా కారిందని, దెబ్బ తగిలాక ఆయన గంటకు పైగానే బతికి ఉన్నారని మెడికల్ ఎగ్జామినర్ రాశాడు. ఆ గంటలో ఎవరు అంబులెన్స్ పిలిచినా ప్రాణం దక్కేదేమో. అది జరిగిన సోమవారం మ్యూజియంకి సెలవు. భవనంలో మనుషులు లేరు.

హాసిని ఫోన్‌ని చేతుల్లో తిప్పుతూ ఉంది. "ఆ మెసేజ్ వచ్చినప్పుడు నేను మీటింగ్‌లో ఉన్నాను. చూశాను. తర్వాత కాల్ చేద్దాంలే అనుకున్నాను, ఆంటీ. నాన్న ఎప్పుడూ గ్రీకు గురించే చెప్తారు కదా అని."

కనకదుర్గ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "రా. ఫణితో మాట్లాడాలి. నువ్వు పక్కన కూర్చో. నేను అడిగేదాకా ఏం మాట్లాడకు."

ఫణి ఈ మ్యూజియంలో అసిస్టెంట్ క్యూరేటర్. కరీంనగర్ నుంచి ఎమ్మే చదవడానికి వచ్చి, శేషగిరి దగ్గర పాత గ్రీకు యాసలు నేర్చుకుని, ఆయన సిఫార్సుతోనే ఇక్కడ హెచ్‌వన్ వీసా మీద చేరాడు. ప్రొఫెసర్ ఇంట్లో తిన్న భోజనాలకు లెక్కలేదు. వాళ్లు లాబ్‌లోకి రాగానే లేచి నిలబడ్డాడు. గడ్డం గీసుకోలేదు. లాబ్ బల్ల మీద, మెత్తటి నురగ అచ్చులో, అరచేతి వెడల్పు సీసపు రేకు ఉంది.

"ఇదేనా?"

"ఇదే మేడమ్." ఫణి పక్కనున్న లైట్ కిందికి వంచాడు. వెలుగు పక్కవాటుగా పడగానే బూడిదరంగు సీసం మీద సన్నటి గీతలు లేచి కనిపించాయి. "అలెగ్జాండర్ కాలం తర్వాతది. పాత కలెక్షన్‌లో నంబర్ లేని ముక్కల మధ్య ఉంది."

"నాకు గ్రీకు రాదు. దీని గొప్పతనం ఏంటో కొంచెం చెప్పండి."

"మాసిడోనియా వాళ్లు ఇంట్లో ఏ మాట మాట్లాడారన్నది ఎవరికీ పూర్తిగా తెలియదు మేడమ్. గ్రీకు భాషకే ఒక యాస అని ఎక్కువమంది అంటారు. దొరికిన కొద్ది శాసనాలూ అటే చూపిస్తాయి. సార్ ఒక్కరే ముప్పై ఏళ్లుగా కాదన్నారు. అది యాస కాదు, గ్రీకుకి పక్క భాష అన్నారు. కాన్ఫరెన్స్‌లలో నవ్వేవాళ్లు. మన సార్‌ని చూసి నవ్వేవాళ్లు మేడమ్." వేలితో రేకు వైపు చూపించాడు. "ఈ రేకు ఆ ఇంటి భాషలో ఉంది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడి భార్య దేవతకి మొక్కుకుంటోంది. 'వాడు ఇంటికైతే వచ్చాడు. నాతో దండులో నేర్చిన గ్రీకు మాట్లాడుతున్నాడు. మా మాట వాడి నోటికి తిరిగి ఇయ్యి' అంటోంది."

హాసిని తల దించుకుంది.

"ఇది అసలైనదని రిపోర్ట్ రాసింది మీరే కదా?"

"నేనే. ఫైనల్ ఒపీనియన్ సార్ ఇవ్వాలి. శుక్రవారం ప్రెస్ మీట్ కూడా పెట్టారు."

"సోమవారం సార్ ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. పొద్దున రేకు తీసిచ్చి, లైట్ సెట్ చేసి పెట్టాను. లంచ్ అయ్యాక ఒంటి గంటకి వెళ్లిపోయాను. ఐసెలిన్ వెళ్లి గ్రోసరీస్ కొనుక్కుని ఇంటికెళ్లాను. తర్వాత ఫోన్ వచ్చేదాకా ఏమీ తెలియదు."

"ఒంటి గంట తర్వాత సార్‌తో మాట్లాడలేదా? ఫోన్‌లో కూడా?"

"లేదు మేడమ్."

"పోలీసులు ఈ రేకు గురించి మీకేమైనా చెప్పారా?"

"వాళ్లేం చెప్తారు? గోరాన్ గురించే అడిగారు." కొంచెం ఆగి, "గోరాన్ అలాంటివాడు కాదు. వాళ్లిద్దరూ అరుచుకునేవాళ్లు, తర్వాత కలిసి కాఫీ తాగేవాళ్లు," అన్నాడు.

ఆ మాట అతను మనసులోంచే అన్నాడని కనకదుర్గకు తోచింది. రేకు మీదికి వంగింది.

"ఒక్కటి చెప్పండి. రేపు ఎవరైనా ఇది దొంగదని అన్నారనుకోండి. ఏం చూపించి అంటారు?"

ఫణికి ఇది తెలిసిన దారి. క్లాసులో జవాబు చెప్పేవాడిలా మొదలుపెట్టాడు. "అనేవాళ్లు అంటారు మేడమ్. మాసిడోనియా వాళ్లు అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్పుని బిలిప్పు అనేవాళ్లని పాత రచయితలు రాశారు. కానీ రాళ్ల మీద చూస్తే ఫిలిప్పు ఫిలిప్పుగానే ఉంటాడు. మనిషి రాసేటప్పుడు పెద్దల భాష రాస్తాడు, అక్కడక్కడా ఇంటి మాట జారుతుంది. ఇందులో అట్లా జారడం లేదు. ప్రతి 'ఫ' ఒక 'బ' అయింది. ప్రతి మాటలోనూ యాస కొట్టొచ్చినట్టు ఉంది. నిజమైన మనుషులు ఇట్లా మాట్లాడరు, ఇది సినిమా యాస అని..."

ఆగిపోయాడు.

కనకదుర్గ తల ఎత్తలేదు. "ఆ చివరి మాట ఎవరిది ఫణీ?"

"ఎవరిదేంటి మేడమ్. అందరం అంటాం కదా. సినిమాల్లో మా యాస పెట్టి కామెడీ చేస్తారు కదా, ఆ ఎగ్జాంపుల్."

"సార్ ఎప్పుడైనా క్లాసులో అన్నారా?"

"అనే ఉంటారు."

"హాసినీ, ఆ మెసేజ్ పెట్టమ్మా."

హాసిని మొదటిసారి నొక్కితే పడలేదు. రెండోసారి శేషగిరి గొంతు లాబ్‌లోకి వచ్చింది, తీరుబడిగా, కాస్త దగ్గుతూ.

"హాసినీ, నాన్నని. పనిలో ఉన్నట్టున్నావు. ఆ రేకు చదివానమ్మా. కళ్లు మోసపోయాయి గానీ చెవి మోసపోలేదు. అది మనుషుల మాట కాదు, సినిమా యాస. ఇన్నేళ్లుగా ఈ మాట నాకు తట్టనే లేదు చూడు, ఇప్పుడే తట్టింది. రాసినవాడు నాకు బాగా తెలిసినవాడే. అదీ బాధ. తీరిక చూసుకుని ఫోన్ చెయ్యి."

ఫోన్ ఆగిపోయింది. ఫణి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఈ మెసేజ్ మూడు దాటాక వచ్చింది," అంది కనకదుర్గ. "ఆయనకి అప్పుడే తట్టిన మాట. ఒంటి గంటకి వెళ్లిపోయిన మీకు ఎలా తెలిసింది?"

ఫణి నోరు తెరిచినప్పుడు, ఇంతసేపూ జాగ్రత్తగా మాట్లాడిన పుస్తకాల తెలుగు అందులో లేదు.

"నేను పోలే మేడమ్. ఈడనే ఉన్న. సార్ ఏమంటరో అని కింద కూసున్న. పైకి పిలిచిన్రు. నవ్వుకుంట ఆ మాట అన్నరు. నవ్వుకుంటనే అన్నరు."

"తర్వాత?"

"శుక్రవారం నేనే చెప్త, ఇది దొంగదని చెప్త అన్నరు. సార్, జరంత ఆగుర్రి అన్న. వద్దన్న. చేతుల ఉన్న రేకు గుంజుకోబోయిన. సార్ ఇడువలే. నేను గుంజిన. ఒక్కసారి జారింది. సార్ ఎన్కకు పడ్డరు."

హాసిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేనే లేపిన. నేనే తుడిచిన. నీళ్లు దెచ్చిన. అంబులెన్స్ పిలుస్తనంటే ఒద్దన్నరు. 'పోలీసులొస్తే ఎట్ల పడ్డవంటరు, నీ వీసా ఏంగావాలెరా' అన్నరు. నాకేం గాలేదు, గోరాన్ వస్తనన్నడు, వాడు ఇంటికాడ దిగవెడ్తడు, నువ్వు పో అన్నరు. నా యాసల్నే అన్నరు మేడమ్, నాతోని ఎప్పుడూ అట్లనే మాట్లాడుతుండె. నేను పోయిన. మంచిగనే ఉన్నరు గదా అనుకుని పోయిన."

కనకదుర్గ వృత్తిలో ఎన్నో ఒప్పుకోళ్లు విన్నది. ఒప్పుకున్నవాడి మీద ఎప్పుడూ కొంచెం కోపం వచ్చేది, అది పని చేయడానికి పనికొచ్చేది. ఇప్పుడు వెతికినా ఆ కోపం దొరకలేదు.

"రేకు నువ్వే చేశావా, ఫణి అన్నయ్యా?" అంది హాసిని.

"నేనే. పాత సీసం కొని, అక్షరాలు చెక్కి, ఆ నంబర్ లేని ముక్కల్ల వెట్టిన. మ్యూజియమోళ్లే దొరికిందన్నరు. సార్ రిటైర్ అయ్యేలోపు ఒక్కసారన్న ఆ నవ్వినోళ్లు లేసి నిలబడాలె అనుకున్న."

"అయితే రాసినవాడు బాగా తెలిసినవాడే అని నాన్న అన్నది నీ గురించేనా?"

ఫణి ఆమె వంక చూశాడు. కళ్లు తుడుచుకోలేదు.

"చెక్కింది నేను. మాటలు నావి గావు, హాసినీ."

"మరి?"

"సార్‌వి. నేనొచ్చిన మొదటి సెమిస్టర్. ఆ కాలం మనిషి మాట్లాడితే ఎట్లుంటదో సార్ బోర్డు మీద రాసి చూపిచ్చిన్రు. ఆ భార్య, ఆ మొక్కు, అన్నీ సార్ అల్లినయే. రాసి తుడిచేసిన్రు. నాకు నోటికొచ్చింది, మర్సిపోలే. సార్ మర్సిపోయి ఉంటరనుకున్న. నాలుగు ముక్కలు చదవంగనే గుర్తువట్టిన్రు. 'ఫణీ, ఇది నాదే గదరా' అన్నరు. 'నేనే రాసిన సినిమా యాస' అన్నరు. ఇన్నేండ్లు నా చెవులున్నది మాసిడోనియా గాదు, నేను అల్లుకున్నదే అన్నరు."

ప్రొఫెసర్ శుక్రవారం లేచి నిలబడి ఏం చెప్పబోయారో కనకదుర్గకు ఇప్పుడు అర్థమైంది. రేకు దొంగది, మాటలు నావి, ముప్పై ఏళ్ల నా వాదం కూడా వట్టిదే కావచ్చు. ఆయనా ఫణీ కలిసే చేశారని లోకం అంటుందని తెలిసి కూడా ఆ మాట చెప్పబోయారు.

"మేడమ్, ఒక్కటి అడుగుత," అన్నాడు ఫణి. "గుంజింది నేను, రేకు చేసింది నేను. మాటలు గూడ నేనే రాసిన అని చెప్త. సార్ పేరు రానీయకుర్రి."

కనకదుర్గ హాసిని వైపు చూసింది. హాసిని రేకు వైపు చూస్తోంది. జవాబు రాకముందే కనకదుర్గ ఫోన్ మోగింది. కనెలోస్.

"మీ పని అయిపోయింది, మిస్ దుర్గా. గోరాన్ ఒప్పుకున్నాడు. సంతకం పెట్టాడు."

"ఏ మాటల్లో ఒప్పుకున్నాడు?"

"'నేనే చంపాను' అన్నాడు. రెండుసార్లు."

"దానికి ముందు ఏమన్నాడు? చదవండి. దయచేసి."

అవతల కాగితం తిప్పిన చప్పుడు. కనెలోస్ విసుగ్గానే మొదలుపెట్టాడు. "'నాలుగింటికి రమ్మన్నారు. ఆయన మీద కోపంతో కార్లోనే కూర్చున్నాను. కావాలనే ఆలస్యం చేశాను. నాలుగింటికి వెళ్లి ఉంటే...'" గొంతు నెమ్మదించింది. "'...వెళ్లి ఉంటే బతికేవారు. నేనే చంపాను.'"

"అతనితో అతని భాషలో ఎవరైనా మాట్లాడారా?"

"ఇంగ్లీషు బాగానే వచ్చు అతనికి."

"లాయర్?"

"వద్దన్నాడు." కనెలోస్ ఒక్క క్షణం ఆగాడు. "వ్యాన్‌లో కౌంటీ జైలుకి తీసుకెళ్తున్నారు. వీసా సంగతి చూసేవాళ్లకి కూడా కబురు వెళ్లింది. అక్కడికి చేరాక నా చేతుల్లో ఏమీ ఉండదు."

కనకదుర్గ స్పీకర్ నొక్కి ఫోన్‌ని బల్ల మీద, రేకు పక్కన పెట్టింది. "లెఫ్టినెంట్, ఇక్కడ ఒకరు మీతో మాట్లాడతారు."

ఫణి లేచి నిలబడ్డాడు. ఫోన్ మీదికి వంగాడు.

"అన్నీ చెప్పు, ఫణి అన్నయ్యా," అంది హాసిని. అమెరికా నాలుక మీద తెలుగు ఒక్కో మాటా విడివిడిగా పడింది. "ఆ మాటలు ఎవరు రాశారో అది కూడా. ఫ్రైడే నాన్న చెప్పేవారు కదా. నువ్వు దాచకు."

ఫణి తన పేరు చెప్పాడు. సోమవారం మధ్యాహ్నం ఆ గదిలో ఉన్నది తనేనని చెప్పాడు. రేకు ఎలా వచ్చిందీ, మాటలు ఎక్కడివీ, ప్రొఫెసర్ ఎలా పడిందీ, తనని ఏమని పంపించిందీ, ఒక్కటీ వదలకుండా ఇంగ్లీషులో చెప్పాడు. చెప్పడం అయ్యాక కూడా ఫోన్ దగ్గర వంగే నిలబడ్డాడు.

అవతల కనెలోస్ కుర్చీ వెనక్కి పడిన చప్పుడు, పరుగు, ఒక తలుపు. అతని గొంతు దూరం నుంచి, వేరే ఎవరి మీదో అరుస్తూ వచ్చింది.

"ఆ వ్యాన్ ఆపండి! గేటు దాటిందా? దాటిందా?"

కనకదుర్గ, హాసిని కూడా ఫోన్ మీదికి వంగారు.